'వర్క్' ఉండగా భయమేల?

ఇన్ని భాషలూ ఇన్ని నిఘంటువులూ దండగని నా అభిప్రాయం. మనిషి బతకడానికి ఒక్క ఇంగ్లీషు ముక్క చాలు. అది 'వర్క్'!

నవ్వకండి. మా హాంకాంగ్‌లో ఏ సందులోనైనా కాసేపు నిలబడి వినండి. ఫ్యాను తిరగకపోతే 'వర్క్ కావట్లేదు'. పిల్లాడికి లెక్కలు ఎక్కకపోతే ట్యూషను 'వర్క్ కావట్లేదు'. అమ్మాయికి అబ్బాయి మీద మనసు విరిగితే 'మనిద్దరికీ వర్క్ కాదు'. ఫ్యానుకీ ప్రియుడికీ ఒకటే రోగం! కాకపోతే ఫ్యానును బాగుచేసేవాడు దొరుకుతాడు. వాస్తు పండితుడు చేపల తొట్టిని ఈ మూల నుంచి ఆ మూలకు జరిపి, ఫీజు జేబులో వేసుకుని, 'ఇక వర్క్ అవుతుంది పొండి' అంటాడు. ఆఫీసులో పెద్దాయన 'దీని మీద ఇంకా వర్క్ చెయ్' అన్నాడంటే ఆ కాగితాన్ని చెత్తబుట్టలో వేయమని అర్థం.

అన్నిటికీ మించి అదొక తాయెత్తు. 'వర్క్ ఉంది' అంటే చాలు, యముడు కూడా 'సరే, తీరిక చూసుకుని చెప్పు' అని గుమ్మం బయట స్టూలు వేసుకుంటాడు.

ఆ తాయెత్తును మా పై అంతస్తు మోక్ పుయ్‌లామ్ అంత భక్తిగా కట్టుకున్నవాడు ఇంకొకడు లేడు. గొడుగులు ఎగుమతి చేసే కంపెనీలో గుమాస్తా. పన్ను పీకించుకోమంటే వర్క్. మేనమామ కూతురి పెళ్లికి రమ్మంటే వర్క్. చింగ్‌మింగ్ పండగకి తాతల సమాధులు ఊడ్చి వద్దామంటే అప్పుడూ వర్క్! తాతలు పాపం ఏమీ అనలేదు. వాళ్లూ ఆ మాట వాడే పోయారు.

అతని భార్య యిప్ సౌమాన్‌ది బీమా కంపెనీలో ఉద్యోగం. ఆవిడకీ వర్కే. మొగుడూ పెళ్లాలు లిఫ్టులో ఎదురుపడితే ఇరుగుపొరుగువాళ్లలా తలలూపుకునేవారు.

ఒక బుధవారం మోక్ ఆఫీసులో 'బయట వర్క్ ఉంది' అని చెప్పి జారుకున్నాడు. ఇంట్లో పొద్దున్నే 'రాత్రిదాకా వర్క్' అని చెప్పే వచ్చాడు. తెలిసినవాడెవడూ తగలని చోటు కావాలని మెట్రోలో షామ్ షుయ్ పో దాకా వెళ్లి ఒక టీ దుకాణంలో దూరాడు. లోపల జనం కిటకిట.

"ఒక్కడివేనా అందగాడా? అదిగో, ఆ అందగత్తె ఎదురుగా ఖాళీ ఉంది. సర్దుకో!" అని అరిచాడు సర్వరు.

మోక్ సర్దుకుని తలెత్తాడు. ఎదురుగా ఉన్న అందగత్తె సౌమాన్.

"వర్క్ అన్నావు?" అంది ఆవిడ.

"నువ్వూ అన్నావుగా!"

"మోక్ పుయ్‌లామ్! ఎవరది? ఎప్పుడొస్తానంది?"

"ఎవరూ లేరే తల్లీ. కూర్చుందామని వచ్చా."

"కూర్చుని?"

"ఏం లేదు. ఊరికే."

ఆ మాట అనడానికి అతనికి చచ్చేంత సిగ్గేసింది. పెళ్లయ్యాక ఇంకో ఆడది ఉందని ఒప్పుకోవచ్చు. నలుగురూ అర్థం చేసుకుంటారు. ఊరికే కూర్చున్నానని ఒప్పుకోవడం ఎలా? సౌమాన్ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత తన పళ్లెంలోని వెన్న రొట్టెను సగానికి కోసి అతని వైపు నెట్టింది.

"నేనూ అందుకే వచ్చా," అంది నెమ్మదిగా.

పాల టీ వచ్చింది. మోక్ ఆవిడనే చూస్తూ కూర్చున్నాడు.

"జుట్టు కత్తిరించుకున్నావా?"

"కొత్త సంవత్సరానికి ముందు!"

"బాగుంది."

"ఈ సంవత్సరానిది కాదు, అంతకుముందుది."

ఇద్దరికీ నవ్వాగలేదు. పక్క బల్ల ముసలాయన పేపరు దించి మరీ చూశాడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. మోక్ పై అధికారి ఫూన్.

"ఎక్కడున్నావయ్యా?"

మోక్ నాలుక చివర 'వర్క్' సిద్ధంగానే ఉంది. కానీ ఎదురుగా సౌమాన్ ఇంకా నవ్వుతోంది. ఎన్నాళ్లకు చూశాడో ఆ నవ్వును! ఆ నవ్వు ముందర అబద్ధం నోరు దాటలేదు.

"మా ఆవిడతో టీ తాగుతున్నాను సార్."

అవతల ఫూన్ గొంతు, ఆసుపత్రిలో రోగిని పలకరించినట్టు, మెత్తగా వినిపించింది.

"విడాకులా?"

మోక్ నోరు తెరిచాడు. బల్ల కింద సౌమాన్ అతని కాలు తొక్కింది. 'అవునను' అన్నట్టు తలూపింది.

"అదే... మాట్లాడుకుంటున్నాం సార్."

"తొందరపడకు. నేనూ పడ్డాను ఆ బాధ. ఇక నుంచి ప్రతి బుధవారం మధ్యాహ్నం సెలవు తీసుకో. ఎవడైనా అడిగితే నా పేరు చెప్పు. దీని మీద బాగా వర్క్ చెయ్!"

మర్నాడు సౌమాన్ కూడా తన ఆఫీసులో ఇదే విన్నవించుకుంది. వాళ్లు బుధవారం సెలవుతో పాటు కళ్లు తుడుచుకోవడానికి కాగితపు రుమాళ్ల డబ్బా కూడా ఇచ్చారు.

చూశారా పాఠకులారా, ఎంత ధర్మప్రభువులో! పెళ్లాంతో కలిసి టీ తాగుతానంటే సెలవిచ్చే ఆఫీసు ఈ ఊళ్లో లేదు. పెళ్లాన్ని వదిలేస్తానంటే మాత్రం లేదనే ఆఫీసే లేదు!

రెండు కొత్త సంవత్సరాలు గడిచాయి. మోక్ దంపతులు ప్రతి బుధవారం క్రమం తప్పకుండా విడాకులు తీసుకుంటూనే ఉన్నారు. ఎగ్ టార్టులు రెండు, పాల టీలు రెండు. వాన పడితే ఇద్దరికీ ఒకటే గొడుగు. గొడుగుల కంపెనీ మనిషికి రెండో గొడుగు దొరకదా అని మాత్రం అడక్కండి. ఈమధ్య రోడ్డు దాటేటప్పుడు చేతులు పట్టుకుంటున్నారని, ఈ వయసులో ఇదేం చోద్యమని మా బిల్డింగులో చెవులు కొరుక్కుంటున్నారు.

మొన్న ఫూన్ ఉండబట్టలేక మోక్‌ను పక్కకి పిలిచాడు. "ఏమయ్యా, ఇంకా తేలలేదా?"

మోక్ తల వంచుకుని, గొంతులోకి ఎక్కడలేని దిగులూ తెచ్చుకున్నాడు.

"లేదు సార్. ఎంత ప్రయత్నించినా విడాకులు వర్క్ అవుట్ కావడం లేదు."

ఫూన్ నిట్టూర్చి, గురువారం కూడా ఇచ్చేశాడు.