మథియాస్ గారి నిమ్మకాయ ఊరగాయ

ఆ రోజు పొద్దున కామాక్షి అనుకున్నది చాలా చిన్న పని. జాడీకి కట్టిన వాసెన విప్పాలి, నిమ్మకాయ ఊరగాయను అడుగునుంచి ఒకసారి కలియబెట్టాలి, గూట్లో పెట్టాలి. మధ్యాహ్నం లోపల నెల్లూరు నుంచి మెస్సు ధనలక్ష్మిగారు వచ్చి రుచి చూస్తారు. నచ్చితే ఇకమీదట ఆవిడ మెస్సుకు ఊరగాయ ఈ ఇంటినుంచే వెళ్తుంది, అదీ కామాక్షి పేరుతో.

అసలు సంగతంతా ఆ పేరు దగ్గరే ఉంది. ఇన్నాళ్ళూ ఆమె పెట్టిన ఊరగాయను గూడూరు బజారులో ఒక కొట్టాయన తన సీసాల్లో నింపి, పైన వాళ్ళ తాతగారి బొమ్మ అంటించి అమ్ముకున్నాడు. ఆ తాతగారు జన్మలో నిమ్మకాయ కోసిన మనిషి కాదు. పెళ్ళిళ్ళలో పక్క విస్తరివాళ్ళు వేలు నాకి "తాతగారి చెయ్యి తాతగారిదే" అన్నప్పుడల్లా కామాక్షి పెరుగు రాకముందే లేచిపోయేది.

అందుకే భర్త పెంచలకృష్ణ ఆమె పేరున వెబ్‌సైటు తయారుచేశాడు. అతనికి స్టేషను రోడ్డులో చిన్న కంప్యూటరు సెంటరు ఉంది. మనిషి ఎంత నిజాయితీపరుడంటే, బ్యాంకులో సంతకానికి తీసుకున్న పెన్ను పొరపాటున జేబులో పడి వస్తే, మర్నాడు సెలవని తెలిసి వాచ్‌మన్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి ఇచ్చొచ్చాడు. సైటుకి పునాది మాత్రం అతనిది కాదు. మథియాస్ అనే ఎవరో విదేశీయుడు కట్టి, కావలసినవాళ్ళు ఊరికే వాడుకోండని వదిలిన చట్రం ఒకటుంది. ఫ్రేమ్‌వర్క్ అంటారు దాన్ని. మథియాస్ పెట్టిన షరతు ఒక్కటే: తన పేరూ, లైసెన్సూ దాని వెంటే ఉండాలి. ఎక్కడో లోపలి ఫైలులో ఉంచినా సరిపోయేది. పెన్ను వాపసిచ్చిన మనిషి కదా, పేజీ అడుగున అందరికీ కనబడేటట్టు పెట్టాడు.

"బావా, మనోళ్ళు చదవాల. ఒక్క ఇంగ్లీషు ముక్క ఉండకూడదు" అని కామాక్షి ముందే గట్టిగా చెప్పింది. అందుకని పెంచలకృష్ణ లైసెన్సును కూడా కూర్చుని తెలుగు చేశాడు. సాఫ్ట్‌వేర్ అనే మాట దగ్గర చాలాసేపు బుర్ర గోక్కుని, చివరికి "ఈ తయారీ" అని రాశాడు. తన కొత్త ఫోనులో తెరిచి చూపించాడు. కామాక్షి పేరు ఒక్కో అక్షరమే పక్కనుంచి జారుకుంటూ వచ్చి మధ్యలో నిలబడింది. ఆమె మళ్ళీ మళ్ళీ తెరిపించుకుని చూసి, కళ్ళు తుడుచుకుంది. నాలుగు రోజుల కిందటే సైటును ధనలక్ష్మిగారికి పంపితే, వచ్చి రుచి చూస్తానని ఆవిడ కబురు పెట్టారు. ఆ రోజు పొద్దున్నే అతను దాన్ని వీధివాళ్ళందరికీ ఫోన్లో పంపి సెంటరుకు వెళ్ళిపోయాడు.

మన ఇళ్ళల్లో కొత్త ఫోను పిల్లలకూ, వాళ్ళు వాడి వదిలేసింది పెద్దలకూ రావడం ఆనవాయితీ. వీధిలో ఊరగాయ మీద ప్రాణం పెట్టుకున్నది ఆ పెద్దలే. వాళ్ళ పాత ఫోన్లలోని పాత బ్రౌజర్లకు మథియాస్ చట్రం అంతుపట్టలేదు. బొమ్మలు రాలేదు. ధరలు రాలేదు. జారుకుంటూ రావలసిన కామాక్షి పేరు అసలు బయల్దేరనే లేదు. చట్రంతో పని లేకుండా పెంచలకృష్ణ నేరుగా పేజీలో రాసిన రెండు ముక్కలు మాత్రం నిక్షేపంగా వచ్చాయి. పైన "నిమ్మకాయ ఊరగాయ" అని ఇంటి చిరునామా, దాని కింద లైసెన్సు.

మొదట పక్కింటి ముత్యాలయ్య వచ్చాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. చేతిలో స్టీలు గిన్నె ఉంది.

"ఏమ్మా కామాక్షీ, జాడీ తీసినారంట గదా!"

"ఎవరు చెప్పినారు మామా?"

"మీరే గదమ్మా ఫోన్లో ఏసినారు." ముత్యాలయ్య కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "'ఈ తయారీ పొందిన ఏ వ్యక్తి అయినా దీన్ని ఉచితంగా వాడుకోవచ్చును, పంచవచ్చును, అమ్ముకోవచ్చును.' అమ్ముకునే ఓపిక నాకు లేదులేమ్మా. గిన్నెడు చాలు."

కొత్త జాడీ తీసిన రోజున వీధిలో అందరికీ రుచి చూపించడం ఎప్పటినుంచో ఉన్న మర్యాదే. కాబట్టి చదివినవాళ్ళెవరికీ అనుమానం రాలేదు. ఈసారి కాగితం రాసినంత పద్ధతిగా పిలిచారని ముచ్చటపడ్డారు కూడా. ముత్యాలయ్య వెనకాలే ఎదురింటివాళ్ళు, వాళ్ళ వెనకాలే మూలింటివాళ్ళు గిన్నెలతో వచ్చారు. ఒకరికి పెట్టి ఇంకొకరికి లేదనడం కామాక్షికి చేతకాదు. చెంచా చిన్నది తీసుకోవడం ఒక్కటే ఆమె చేయగలిగింది.

ఇంతలో అత్తగారు వెంకటశేషమ్మ తన ఫోను చేత్తో పట్టుకుని వసారాలోకి వచ్చింది.

"మే కామాక్షీ, ఎవురే ఈ మథియాసు?"

"ఎవరత్తా?"

"తయారీ మీద హక్కులు మథియాసువని రాసుండాది. నిమ్మకాయలు తడి లేకుండా తుడిచింది నేను, కోసింది నువ్వు. వాడెప్పుడొచ్చినాడు మనింటికి? ఇంకా ఇను. 'ఈ తయారీ ఎలా ఉన్నది అలాగే ఇవ్వబడుతుంది. ఎటువంటి హామీ లేదు. దీనివల్ల కలిగే ఏ నష్టానికీ కర్త బాధ్యుడు కాడు.' నష్టమా? మా పుట్టింటి ఊరగాయకి నష్టమా? మా నాయన పోయినరోజు కూడా ఇదే నంజుకున్నాడు!"

ముత్యాలయ్య తన గిన్నెలోకి ఒకసారి అనుమానంగా చూసుకున్నాడు.

ఆ చూపు వెంకటశేషమ్మ కంట పడింది. అంతే. కామాక్షి చేతిలో చెంచా లాక్కుని అవతల పెట్టి గరిటె తెచ్చింది. "ఒక్కరూ కదలబాకండి. ఈడే తినండి. ఎవురికి నష్టమొస్తాదో నేనూ చూస్తా" అని గరిటెలకు గరిటెలు వడ్డించసాగింది. మధ్యలో "అత్తా, ధనలక్ష్మిగారికి!" అని కామాక్షి అన్నది ఎవరికీ వినబడలేదు. ఆమె అత్తగారి ఫోను తీసి కిందికీ పైకీ జరిపి చూసి, భర్తకు ఫోను చేసింది.

"బావా, నా పేరేదీ?"

"పైనే ఉందే. కొంచెం ఆగితే వస్తాది."

"మథియాసు వచ్చినాడు. చిరునామా వచ్చింది. వీధి వీధంతా వచ్చింది. నా పేరే రాలేదు. మళ్ళా ఎవరి పేరో పెట్టినావు బావా."

పెంచలకృష్ణ సెంటరుకు తాళమైనా వేయకుండా బండెక్కి వచ్చాడు. వచ్చీరాగానే అందరి ఫోన్లూ తీసుకుని చూసి, తల పట్టుకుని, నిజం చెప్పబోయాడు.

"మామా, అది సైటుకి లైసెన్సు. ఊరగాయకి కాదు."

"అయితే ఊరగాయకి లైసెన్సు లేదా అబ్బయా?" అన్నాడు ముత్యాలయ్య, నోట్లో ముక్క అలాగే ఉంచుకుని.

"ఉంది మామా, గోడకి తగిలించినాం..."

"ఎందుకైనా మంచిది, ఇంకో గరిటె తినండి" అంది వెంకటశేషమ్మ. గరిటె జాడీ అడుగుకు తగిలి ఖణేల్మంది.

సరిగ్గా అప్పుడే ఆటో ఆగింది. ధనలక్ష్మిగారు దిగారు. భారీ మనిషి, నవ్వని ముఖం. చేతిలో ఆవిడ కూతురు వాడి వదిలేసిన ఫోను.

"మథియాస్ గారి ఇల్లిదేనా?"

కామాక్షి చూస్తే జాడీ ఖాళీ. అయినా ఆ పేరు వినేసరికి ఒళ్ళు మండి, ముందుకొచ్చి నిలబడింది.

"ఊరగాయ పెట్టింది నేనండీ. నా పేరు కామాక్షి."

"అట్టనా. మరి రుచి చూపించు."

"ఒక్క నిమిషం కూర్చోండి."

లోపల పొయ్యి మీద అన్నం అప్పుడే వార్చి ఉంది. కామాక్షి పొగలు కక్కే అన్నం తెచ్చి జాడీలో వేసి, నువ్వులనూనె చుక్క పోసి, గోడలకు అంటుకున్న కారమంతా వచ్చేటట్టు చేత్తో కలిపింది. జాడీ అయిపోయిన రోజున ఆ ముద్ద కోసం పోట్లాడుకోనివాళ్ళు ఆ వసారాలో ఎవరూ లేరు. అందరూ గుటకలు మింగుతూ చూస్తుండగా ధనలక్ష్మిగారు నిలబడే ఒక ముద్ద తిన్నారు. తర్వాత మెట్టు మీద కూర్చుని మళ్ళీ చెయ్యి చాపారు.

"నా దగ్గిరికొచ్చిన ప్రతివాడూ ఏడాదికి గ్యారంటీ అన్నాడు. ప్రతివాడి జాడీకీ బూజు పట్టింది. హామీ లేదు, ఎట్టుండేది అట్నే ఇస్తానని ముందే రాసింది నువ్వొక్కదానివే. చెయ్యి మీద నమ్మకం ఉన్నోళ్ళే అట్ట రాస్తారు. అందుకే వచ్చినా." ఆవిడ వేళ్ళు నాక్కున్నారు. "ఈసారి పెట్టేది మా మెస్సుకి పంపు. నీ పేరేసి పంపు."

"నిజానికండీ, అది నేను..." అని పెంచలకృష్ణ నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో కామాక్షి పెద్ద ముద్ద పెట్టేసింది. అది కారానికో, ప్రేమకో తెలియదు గాని అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

తర్వాత అతను సైటును సరిచేశాడు. ఇప్పుడు కామాక్షి పేరు జారుకుంటూ రాదు. ఎంత పాత ఫోనులోనైనా తెరవగానే పైన నిలబడి ఉంటుంది. మథియాస్ పేరూ, లైసెన్సూ ఉండవలసిన లోపలి ఫైలులోకి మర్యాదగా వెళ్ళాయి. సీసాల మీద కామాక్షి పేరు కిందనే, ధనలక్ష్మిగారు పట్టుబట్టిన మీదట, "ఎలా ఉన్నది అలాగే ఇవ్వబడుతుంది" అని అచ్చు వేయించారు. పెంచలకృష్ణ పేరు మాత్రం ఎక్కడా లేదు. అతని పేరు ఉండాలని ఏ లైసెన్సులోనూ షరతు లేదు.