కాగితం లేని బాప్తిస్మం

ఆ గురువారం పొద్దున దేవభూషణం పెట్టుకున్న పని చాలా చిన్నది. లక్డీకాపూల్‌లో ఆఫీసుకు పోయే ముందు పంజాగుట్టలో తమ చర్చి దగ్గర పది నిమిషాలు ఆగాలి. కొత్తగా కొన్న కంప్యూటర్లో సభ్యుల జాబితా మొదలుపెట్టించి, మొట్టమొదటి పేరుగా తన పేరు ఎక్కించుకోవాలి. పన్నెండేళ్లుగా సంఘానికి కార్యదర్శి, ఆ మాత్రం ముచ్చట ఉండదా మరి.

దేవభూషణం గవర్నమెంటు ఆఫీసులో హెడ్ క్లర్కు. కాగితం చూపించనిదే ఎదురుగా నిలబడ్డ మనిషి ఉన్నట్టు కూడా ఒప్పుకోడు. చర్చిలోనూ అదే పద్ధతి నడిపించాడు. ఎనిమిది నెలల కింద మెదక్ దిక్కు నుంచి వచ్చిన పోచమ్మ అనే ముసలామె సంఘంలో చేరతానని అడిగింది. అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో గిన్నెలు తోముకుని బతుకుతుంది పాపం.

"బాప్తిస్మం సర్టిఫికెట్ ఏది?" అన్నాడు దేవభూషణం.

"మా ఊరి బాయిల ఇచ్చిండ్రు సారూ. కాగితమియ్యలే."

"కాగితం తెచ్చినంక బల్ల కాడికి రా."

అంతే. నెలకోసారి ప్రభువు బల్ల పెట్టే ఆదివారం అందరూ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడానికి వరసగా ముందుకు నడుస్తుంటే, పోచమ్మ వెనక బెంచీలో ఒక్కతే కొంగు సర్దుకుంటూ కూర్చునేది. అయ్యగారికి, అంటే వాళ్ల పాస్టరుగారికి, మనసు ఒప్పక ఒకసారి, "పోనీలెండి దేవభూషణం గారూ, కృప అనేది..." అని మొదలుపెట్టారు. "కృప దేవుని డిపార్టుమెంటు అయ్యగారూ, రికార్డు మనది," అని దేవభూషణం ఆ మాట అక్కడే ఆపేశాడు.

కంప్యూటరు పని అయ్యగారి భార్య కమలకుమారి చూస్తోంది. గుంటూరు మనిషి. యాభై రెండేళ్ల వయసులో మైత్రీవనంలో నలభై అయిదు రోజులు ఇంజినీరింగు పిల్లల మధ్య కూర్చుని కంప్యూటరు కోర్సు పూర్తి చేసిన పట్టుదల గల ఇల్లాలు. ఆ గురువారం ఆవిడ దేవభూషణం పేరు కొట్టింది, పుట్టిన తేదీ కొట్టింది, ఆగింది.

"బాప్తిస్మం తేదీ చెప్పండి."

"చిన్నప్పుడు."

"చిన్నప్పుడు అంటే తీసుకోదండీ. ఆ గడి ఖాళీగా ఉంటే ముందుకు పోకూడదని మీరే కదా పెట్టించారు, పోచమ్మ పేరు జొరబడకుండా?"

తెర మీద ఆ గడి ఎర్రగా వెలుగుతోంది. "కాగితం ఇంట్ల ఉన్నది అమ్మగారూ, తెస్త," అన్నాడు దేవభూషణం.

"ఆదివారం లోపు తెండి. ఐక్యతా ఆదివారం కదా, మొదటి సభ్యత్వ కార్డు అతిథి చేతుల మీదుగా మీకే ఇప్పిద్దాం. బల్ల కూడా ఉంది, ఎప్పటిలా గిన్నె పట్టేది మీరే."

ఆ అతిథి ఎవరో దేవభూషణానికి తెలియదు. ఎవరో పాస్టరని, నీళ్లలో పూర్తిగా ముంచితేనే బాప్తిస్మం అనే సంఘం వాడని మాత్రం విన్నాడు. దేవభూషణం వాళ్లది తల మీద నీళ్లు చిలకరించే సంఘం. "రక్షణ లీటర్ల లెక్కన దొరుకుతుందనేటోళ్లకు నా సంతకం దేనికి?" అని ఆహ్వానం మీద సంతకం పెట్టలేదు, పేరు కూడా చదవలేదు. కమలకుమారే సంతకం పెట్టి పంపింది.

బస్టాపులో నిలబడి నల్గొండలో ఉన్న అక్కకు ఫోను చేశాడు. "అక్కా, నా బాప్తిస్మం ఏ రోజు అయింది?"

"కాలేదు రా తమ్ముడూ."

"కాలేదా?"

"నాయినది చిలకరించే సంఘం, అమ్మది ముంచే సంఘం. చంటిపిల్లగానికే ఇప్పించాలె అన్నడు నాయిన. పెద్దగై నమ్మినంకనే అన్నది అమ్మ. నువ్వు పుట్టిన దినం మొదలైంది ఆ లొల్లి. నాయిన పాణం పొయ్యే ముందు సుత అదే."

"మరి నేను బోర్డింగుల బల్ల తీసుకున్న గదా?"

"ఆడ ఇచ్చిండ్రేమో అని మేమనుకున్నం."

బోర్డింగు స్కూల్లో వార్డెను హాజరు పట్టీ ముందు పెట్టుకుని తొమ్మిదో తరగతిని మొత్తంగా బల్లకు పంపించాడు. ఇంట్లో అయ్యే ఉంటుందని ఆయన అనుకున్నాడు. ఆ లెక్కన దేవభూషణం బాప్తిస్మం లేకుండానే నలభై ఏళ్లుగా బల్లలో చెయ్యి పెడుతున్నాడు, పన్నెండేళ్లుగా ఇతరులను ఆపుతున్నాడు. బస్సు వచ్చింది, పోయింది. అతను ఎక్కలేదు. ఒళ్లంతా సిగ్గుతో వేడెక్కిపోయింది.

అయ్యగారితో చెప్పుకుంటే దోసెడు నీళ్లతో గుట్టుగా పని అయిపోయేదే. కానీ చెప్పాలి కదా. చెబితే అయ్యగారు తప్పకుండా, "మరి పోచమ్మ సంగతి?" అంటారు. వెనక బెంచీలో కూర్చునే ఆ ముసలామె ముందు ఇక తలెత్తుకునేదెట్లా?

శుక్రవారం సాయంత్రం అతను అమీర్‌పేటలో ఒక బిల్డింగు నాలుగో అంతస్తు ఎక్కాడు. వారమంతా అక్కడ జావా చెబుతారు, ఆదివారం సాయంత్రం అదే హాల్లో ఆరాధన జరుగుతుంది. తనను ఎరిగినవాళ్లు ఉండరనే ధైర్యంతో వచ్చాడు. ఆ సంఘ కాపరి బ్రదర్ హనుమత్‌ప్రసాద్ ఎదురొచ్చి కుర్చీ వేశాడు.

"నమ్ముతున్నవా అన్నా?"

"నమ్ముతున్న."

"మరి ఇన్నేండ్లు ఎందుకాగినవ్?"

హాజరు పట్టీ సంగతి చెప్పడానికి దేవభూషణానికి నోరు రాలేదు. తల దించుకున్నాడు. హనుమత్‌ప్రసాద్ జాలిపడ్డాడు.

"తాగుడా?"

దేవభూషణం కల్లు వాసన కూడా ఎరగడు. కానీ కాదంటే మళ్లీ 'మరెందుకు' అంటాడు. "ఆ... జర," అన్నాడు.

"పేకాట సుత?"

"ఆ."

"ఇంట్ల కొట్టుడు?"

"అంత లేదు."

"చెప్పుకోను సిగ్గుంటది అన్నా, ఫికర్ చెయ్యకు. ఆదివారం పొద్దున ఆరింటికి రా. నీళ్ల ట్యాంకరు అప్పుడొస్తది."

"సర్టిఫికెట్ ఇస్తరా?"

"తల ఆరకముందే."

ఆదివారం ఆరింటికి, "వాకింగ్‌కు తువ్వాలెందుకు?" అని అడిగిన భార్యకు ఏదో చెప్పి, దేవభూషణం ఆ బిల్డింగు మిద్దె మీదకు చేరాడు. పైభాగం కోసేసిన నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు నిండా నీళ్లున్నాయి. చుట్టూ ముప్ఫైమంది హాస్టలు పిల్లలు పాట పాడుతున్నారు. వాళ్ల మధ్య చేతిలో కవరు, కవర్లో తువ్వాలతో నిలబడి ఉంది పోచమ్మ. ఆమె గిన్నెలు తోమే హాస్టలు ఆ బిల్డింగులోనే రెండో అంతస్తని దేవభూషణానికి ఎవరు చెప్పాలి? ఎప్పుడైనా అడిగితే కదా.

ఇద్దరూ చూసుకున్నారు. దేవభూషణం మొహం తిప్పేసుకున్నాడు. ముందు ఆమెను పిలిచారు.

"అయ్యా, నాకు ఒకపారి అయింది. మా ఊరి బాయిల ముంచిండ్రు. కాగితం కోసమొచ్చిన," అంది పోచమ్మ.

హనుమత్‌ప్రసాద్ ఇరుకున పడ్డాడు. "బాయిల ముంచినా బాప్తిస్మమేనమ్మా. మళ్ల ముంచితే మొదటిది ఉత్తదే అన్నట్టయితది."

"మరి కాగితమియ్యరాదు?"

"నేనియ్యని దానికి నేనెట్ల కాగితమియ్యాలె?"

పోచమ్మ తువ్వాల కవర్లో పెట్టేసుకుంది. "పోనీ తియ్యి అయ్యా. కాలేదని అబద్ధమాడి ప్రభువు బల్ల కాడ ఎట్ల కూసుంట," అంది. మెట్ల వైపు నడుస్తూ దేవభూషణం పక్కన ఆగి, గొంతు తగ్గించింది. "జర పట్టుకొని దిగు సారూ, లోపల పాచి ఉన్నది. నిన్న నేనే రుద్దిన గని సరిగ్గ పోలే."

ఆ మాటకు అక్కడే భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది దేవభూషణానికి. అయినా దిగాడు. మొదటిసారి ముంచితే మోకాళ్లు తేలాయి, రెండోసారి పొట్ట తేలింది. మూడోసారి ఇద్దరు కుర్రాళ్లు భుజాల మీద చేతులు వేసి సాయం పట్టారు. "తాగుడు, పేకాట ఇడిచిపెట్టిన మన అన్న," అని హనుమత్‌ప్రసాద్ పరిచయం చేస్తే ముప్ఫైమందీ వచ్చి చేతులు కలిపారు. నిజం చెప్పిన మనిషి ఉత్త చేతులతో మెట్లు దిగిపోయింది, అబద్ధం చెప్పిన మనిషికి లామినేషన్ చేసిన సర్టిఫికెట్ దొరికింది. ఫొటో అనే మాట వినబడగానే దేవభూషణం ఆటో ఎక్కేశాడు.

తొమ్మిదింటికి చర్చిలో కమలకుమారి సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏంటండీ, ఇవాళ్టి తేదీ ఉంది?"

ముప్ఫయ్యేళ్ల సర్వీసున్న హెడ్ క్లర్కుకు ఆ సంగతే తట్టలేదు. "అది... డూప్లికేటు అమ్మగారూ. ఇష్యూ అయిన తేదీ అది," అన్నాడు. ఆవిడ కింద ఉన్న సంతకం చూసి, అతని తడి జుట్టు చూసి ఏదో అనబోయింది. ఇంతలో అతిథి వచ్చారని కబురు రావడంతో లేచి వెళ్లింది.

దేవభూషణం వెళ్లి బల్ల పక్కన తన కుర్చీలో కూర్చున్నాడు. అయ్యగారి వెనకాల నడిచి వస్తున్న అతిథిని చూసి పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. హనుమత్‌ప్రసాద్.

అతిథి ఐక్యత గురించి చక్కగా మాట్లాడాడు. "మీరు చిలకరిస్తరు, మేము ముంచుతం. రక్షించేది మాత్రం నీళ్లు కాదు, కృప. ఇయ్యాల పొద్దుగాలనే ఒకన్న నా దగ్గరికొచ్చిండు. ఏండ్ల సంది తాగుడు, పేకాట..." అంటూ పక్కకు తిరిగి ఆగిపోయాడు. పుస్తకం తలకిందులుగా ఉంది. "అరె, అన్న ఈడనే ఉన్నడు గద."

చర్చి మొత్తం దేవభూషణం వైపు తిరిగింది. ఆడవాళ్ల వైపు నుంచి భార్య అరుణాదేవి లేచి నిలబడింది. "ముప్ఫయ్యేండ్ల సంది నాకు తెల్వకుండ యాడ తాగిండు?" అంది. ఆమె గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

చిత్రం ఏమిటంటే, అప్పటికే జనం కరిగిపోతున్నారు. ముందు వరసలో ఒక పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. తాగుబోతునే అని ఒప్పుకుని కూర్చుంటే గండం గడిచిపోయేది, పైగా మారిన మనిషిగా సాక్ష్యం చెప్పమని ఊరూరా పిలిచేవాళ్లు. దేవభూషణానికి ఆ లెక్క అర్థమైంది కూడా. కానీ కన్ను వెనక బెంచీ మీద పడింది. అంతా తెలిసిన ఒకే ఒక్క మనిషి అతని వైపు చూడకుండా, అతని సిగ్గు తనదైనట్టు తల వంచుకుని కూర్చుంది. అది చూసి అతను తట్టుకోలేకపోయాడు.

"నేను తాగలే," అన్నాడు లేచి. "పేకముక్కలు ఎట్లుంటయో సుత తెల్వదు. నాకు అసలు బాప్తిస్మమే కాలేదు. అది చెప్పుకోను సిగ్గై ఈ అన్నకు అబద్ధం చెప్పిన, అమ్మగారికి సుత చెప్పిన. పోచమ్మకు ఉన్నది, కాగితం లేదు. నాకు కాగితమున్నది, నేను..." అంటూ ఏడ్చేశాడు.

అతని ఏడుపు ఎవరూ పట్టించుకోలేదు. చర్చిలో చర్చ మొదలైంది. అబద్ధమాడి మునిగిన మునక చెల్లదని ఒకరు, బాప్తిస్మం దేవుడి పని, మనిషి అబద్ధంతో అది చెడదని ఇంకొకరు లేచారు. నలభై ఏళ్లు పుచ్చుకున్న బల్ల మాటేమిటని మూడో ఆయన అడిగాడు. "ఇంతకీ జాబితాలో ఉంచాలా, తీసేయాలా?" అంది కమలకుమారి. "నా ట్యాంకులనే నాకు అబద్ధం చెప్పిండు," అని హనుమత్‌ప్రసాద్ ఒక్కడే బాధపడుతున్నాడు.

అయ్యగారు చెయ్యెత్తి అందరినీ ఆపారు. "బ్రదర్, పోచమ్మ మీ దగ్గరికి వచ్చిందా?"

"వచ్చింది అయ్యగారూ. ఒకపారి అయిందని నిజం చెప్పింది. కాగితం లేకుండనే పోయింది."

అయ్యగారు వెనక బెంచీ దాకా నడిచి వెళ్లి, "రామ్మా," అన్నారు. పోచమ్మ ఎనిమిది నెలల తర్వాత బెంచీ దిగి, దోసిలి పట్టుకుని బల్ల దగ్గరికి నడిచింది.

దేవభూషణం తను పట్టాల్సిన ద్రాక్షారసం గిన్నెను బల్ల మీదే వదిలేశాడు. పక్క దారిలో వెళ్లి, ఆమె ఖాళీ చేసిన బెంచీలో కూర్చున్నాడు. అక్కడ కూర్చుంటే ముందున్న వాళ్ల వీపులు తప్ప ఏమీ కనబడవని ఆ రోజే అతనికి తెలిసింది. ఎనిమిది నెలలు ఆమెకు ఈ వీపులు చూపించింది తనే.

పోచమ్మ తిరిగి వచ్చి పక్కన కూర్చుంది. గుప్పిట విప్పింది. అయ్యగారు ఇచ్చిన రొట్టె ముక్కలో సగం ఆమె తినకుండా ఉంచింది.

"తిను సారూ," అంది. "నేను కాగితమడగ."

దేవభూషణం ఏడుస్తూనే తిన్నాడు. అంతకంటే సిగ్గుపడ్డ రోజు అతని జీవితంలో లేదు.

ఆ సగం ముక్క ప్రభువు బల్ల లెక్కలోకి వస్తుందా రాదా అని తేల్చడానికి ఆ మధ్యాహ్నమే ఏడుగురితో ఒక కమిటీ వేశారు. మొదటి సమావేశంలో ఆ ఏడుగురికీ ఎనిమిది అభిప్రాయాలు వచ్చాయి.