గుడ్ల తరఫున వకాల్తా

ఒక పెద్ద అడవిలో, నోరు తెరవాలంటే సభ అనుమతి కావాల్సిన రోజుల్లో, నూకాలు అనే తీతువు పిట్ట వాగు ఒడ్డున గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టింది. గూడు లేదు, చాటు లేదు. గుడ్లు కూడా రాళ్లలాగే ఉంటాయి. ఎవరైనా అటు వస్తే గట్టిగా అరవడమే వాటికి కాపలా.

తీతువు కూత అపశకునమని సభవారి నమ్మకం. "అది కూసిన రోజే నా కాలు బెణికింది" అని అడవిపంది సాక్ష్యం చెప్పింది. కూతను నిషేధించారు.

నూకాలు ఏడుస్తూ ప్లీడరు ఉడుము దగ్గరికి వెళ్లింది. మత స్వేచ్ఛ కోసం, వాక్‌స్వేచ్ఛ కోసం, పుట్టబోయే ప్రాణాల కోసం వాదించడంలో ఆయన పెట్టింది పేరు. ఒకప్పుడు గుడ్లు తెగ తినేవాడు. మానేశానని ఆయనే చెప్పుకుంటాడు.

"మూడు హక్కులూ ఒకే కేసులో! ఎంత అదృష్టవంతురాలివమ్మా! నీ కూత ప్రార్థన అని వాదిద్దాం."

"ప్రార్థన కాదండీ. గుడ్లున్నాయి, చూసి నడవండి అని చెప్పడం."

"ఆ మాట కోర్టులో అనకు, కేసు చెడిపోతుంది. తీర్పొచ్చేదాకా నువ్వసలు నోరు మెదపకు. నీ వాక్‌స్వేచ్ఛ గురించి నేను మాట్లాడతాగా!"

చదువుకున్నవాడు, ఆయనకి తెలియదా అనుకుంది నూకాలు.

వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. గుడ్లలోంచి సన్నగా చప్పుడు మొదలైంది.

చివరికి ఉడుము వాదన వినిపించాడు. "గుడ్డంటే గుడ్డు కాదు ప్రభూ, ప్రాణం!" కోర్టంతా కళ్లొత్తుకుంది. అడవిపంది వెక్కివెక్కి ఏడ్చింది.

"ఆ ప్రాణాన్ని మేం స్వయంగా చూడాలి" అని జడ్జి ఏనుగు లేచాడు.

అందరూ వాగు దారి పట్టారు. ఉడుము ఏనుగుకి ఎదురుగా, వెనక్కి వెనక్కి నడుస్తూ ఇంకా వాదిస్తూనే ఉన్నాడు. నూకాలు ముక్కు బిగించుకుని పైన ఎగురుతోంది.

ఏనుగు కాలు గులకరాళ్ల మీదికి లేచింది. నూకాలు ఉడుము వంక చూసింది. అరవొద్దని ఆయన తోక ఊపాడు.

కాలు దిగుతోంది.

నూకాలు అరిచింది. అడవి అదిరింది. ఏనుగు ఉలిక్కిపడి కాలు పక్కకి వేశాడు.

"విచారణ మధ్యలో అరుపా! ఇది కోర్టు ధిక్కారం" అన్నాడు.

ఉడుము తల కొట్టుకున్నాడు. "ఎంత పని చేశావమ్మా! ఒక్క గుడ్డు నలిగి ఉంటే మన కేసుకి తిరుగుండేదా?"

ఆ మాట పూర్తికాకముందే పెంకులు చిట్లాయి. పిల్లలు తడి ఆరీ ఆరకుండానే లేచి గడ్డిలోకి పరుగుతీశాయి.

ఏనుగు గొంతు సవరించుకున్నాడు. "గుడ్లు లేవు గనక కేసు కొట్టేస్తున్నాం. నిషేధం యథాతథం."

అందరూ వెళ్లాక ఉడుము ఖాళీ పెంకుల వంక చూశాడు. నాలుక ఒకసారి బయటికొచ్చి లోపలికెళ్లింది.

"మళ్లీ ఎప్పుడు పెడతావమ్మా?"

నూకాలు పిల్లల మీదుగా ఎగురుతూ, చట్టవిరుద్ధంగా, గొంతెత్తి కూసింది.

నీతి: మన నోటి కోసం పోరాడేవారు దొరికినప్పుడు, వారికి అడ్డు రాకుండా నోరు మూసుకోవడం మన కనీస బాధ్యత.