కుముదినిగారి నోరు విప్పించిన బుల్లిబాబు

తెల్లాపూర్‌లో బుల్లిబాబు ఉండే గేటెడ్ కమ్యూనిటీ వాళ్ళు ఏటా సొంతంగా ఒక పత్రిక వేసుకుంటారు. ఈసారి అందులో మూడో పేజీ తనదేనని అతను వాట్సాప్ గ్రూపులో ప్రకటించేశాడు.

పదకొండేళ్ళు టీవీలో గయ్యాళి అత్తగా రెండు రాష్ట్రాల కోడళ్ళనీ ఏడిపించి, ఉన్నట్టుండి సీరియల్ మానేసిన నటి కుముదిని వాళ్ళ టవర్లోనే ఉంటుంది. ఎందుకు మానేసిందో ఎవరికీ తెలీదు. "నేను రాబడతాను" అన్నాడు బుల్లిబాబు. రాబట్టలేకపోతే ఆ పేజీ సి టవర్ గిరీష్ రాసిన 'బాల్కనీలో వంకాయలు' వ్యాసానికి పోతుంది. గిరీష్ చేతిలో ఓడిపోయినా ఫరవాలేదు. వంకాయ చేతిలో ఓడిపోతే గ్రూపులో ఎలా తిరగడం?

సాఫ్ట్‌వేర్ టెస్టర్ కాబట్టి ప్రశ్నలన్నీ ఎక్సెల్ షీట్లో పెట్టాడు. మర్యాదైనవి పచ్చరంగు, ఇబ్బంది పెట్టేవి ఎరుపు.

"ఎందుకు మానేశారని అడగడానికి పద్నాలుగు వరసలేమిటండీ?" అంది భార్య బాలాత్రిపురసుందరి.

"పేరున్నవాళ్ళని సూటిగా అడక్కూడదు బాలా. ఒక మాట వదిలి ఊరుకోవాలి. ఆ నిశ్శబ్దం భరించలేక వాళ్ళే కక్కేస్తారు. యూట్యూబులో చూశాను."

"మీరు ఊరుకోవడమా?"

"నువ్వు ఫొటోలు తీస్తే చాలు. గదిలో ఉన్నట్టే తెలియకూడదు. సోఫాలా ఉండాలి."

"సరే. సోఫాని."

ఆదివారం పొద్దున్న కుముదిని తలుపు తీసింది. తెర మీద గోదావరి యాస, ఇంట్లో చందానగర్ తెలంగాణ యాస. చిక్కుడుకాయల పళ్ళెం ముందేసుకుని కూర్చుంది.

పచ్చ ప్రశ్నలు పది నిమిషాల్లో అయిపోయాయి. బుల్లిబాబు గొంతు సవరించుకుని, "ఇష్టమైనవి కూడా ఒక్కోసారి వదిలేస్తాం కదండీ..." అని నోరు మూసుకున్నాడు.

కుముదిని కూడా మూసుకుంది.

ఇక్కడే లెక్క తప్పింది. ఆవిడ సీరియల్ మనిషి. ఒక్క డైలాగు చెప్పాక కెమెరా మూడు వైపుల నుంచి మొహం మీదకి వచ్చి వెళ్ళేదాకా రెప్ప వేయకుండా చూడటమే పదకొండేళ్ళ ఉద్యోగం. కుడి కనుబొమ్మ మెల్లగా లేచింది. వెనకాల సంగీతం లేదు గానీ బుల్లిబాబుకి వినిపించింది.

నిమిషం గడిచింది. ముందు బుల్లిబాబే ఆగలేకపోయాడు.

"నేనూ కొన్ని వదిలేశానండి. శనివారాలు ఆఫీసుకి వెళ్ళడం మానేసి ఏడాదైంది."

ఆవిడ ఒక ఈనె తీసింది.

"ఇంట్లో మాత్రం ఆఫీసులో క్లయింట్ మీటింగుందని చెప్తాను. శనివారమైతే మా ఆవిడ నాచేత ఇల్లు దులిపిస్తుందండి."

"మరి ఏడికి పోతవు బిడ్డా?"

"కింద పార్కింగులో మా కార్లోనే ఏసీ వేసుకుని పడుకుంటానండి. తలగడ డిక్కీలో ఉంటుంది."

చెప్పేశాక ప్రాణం తేలికపడింది. అప్పుడు వెనక నుంచి సోఫా మాట్లాడింది.

"నీలం తలగడేనా? జతలో ఒక్కటే పంపారని ఆ ఆన్‌లైన్ వాళ్ళతో నెల రోజులు పోట్లాడాను."

కుముదిని పళ్ళెం పక్కన పెట్టి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "గిట్ల దొరికిన మొగోణ్ణి సీరియల్ల గూడ సూడలే. ఇగ నువ్వు లేచి జర చాయ్ పెట్టు."

"మేడం, నా ప్రశ్న..."

"నువ్వు అడిగితివా? రెండేండ్ల సంది అందరు గిట్లనే సుట్టూ తిరుగుతున్నరు. అడిగినోళ్ళు లేరు."

బాల పక్కన చేరి ఒక చిక్కుడుకాయ అందుకుంది. "ఎందుకు మానేశారండీ?"

పరాయి వంటింట్లో బుల్లిబాబు పంచదార డబ్బా వెతుకుతుంటే హాల్లోంచి నవ్వులు వినిపించాయి. తర్వాత మాటలు గుసగుసల్లోకి దిగాయి. కప్పులతో వచ్చేసరికి ఇద్దరూ చిక్కుడుకాయల ధర మాట్లాడుకుంటున్నారు.

"ఇంతకీ ఎందుకట?" అన్నాడు లిఫ్టులో.

"పత్రికలో వస్తుంది. అందరితోపాటు చదువుకోండి."

"పేజీ నాది కదా బాలా."

"రాసేది నేను. శనివారం నాకు తీరిక కావాలి. ఇల్లు మీరు చూసుకోండి."

శనివారం బాల భోజనాల బల్ల దగ్గర కూర్చుని ల్యాప్‌టాప్‌లో రాస్తుంటే, సరిగ్గా ఆమె నెత్తి మీదున్న ఫ్యాన్ని బుల్లిబాబు స్టూలెక్కి ఇరవై నిమిషాలు తుడిచాడు. కొన్ననాడు కూడా అంత తళతళలాడి ఉండదు. మెడ సాచి చూస్తే తెర మీద మొదటి వాక్యం కనిపించింది: 'ఎందుకు మానేశారని అడిగితే ఆవిడ ముందు నవ్వారు.'

రెండో వాక్యానికి వంగేలోపు బాల ల్యాప్‌టాప్ మూసింది.

"ఈ ఫ్యాను అయిపోయిందండీ. పడగ్గదిలోది మొదలెట్టండి."