కానుగ మొక్కకు కాస్త చోటు

ఆ రోజు పొద్దున ఆశ్రిత అనుకున్న పని చాలా చిన్నది. కదిరిలో బస్సెక్కాలి, తనకల్లులో దిగాలి, దాసప్ప కొత్త ఇంటి ముందున్న అరెకరా జాగాలో ఒక కానుగ మొక్క నాటాలి, మధ్యాహ్నం బస్సుకు తిరిగి రావాలి. ఇందులో చెడిపోవడానికి ఏముంది చెప్పండి!

ఆశ్రిత ఆర్కిటెక్చరు చదివి, తోటలు డిజైను చేయడం నేర్చుకుంది. బెంగళూరు ఆఫీసులో కంప్యూటరు మీద వేల చెట్లు గీసింది. వాటిలో ఒక్కటైనా మట్టిలో వేరు పట్టడం కళ్ళతో చూడలేదు. ఆ దిగులు ఎవరికి చెప్పుకుంటుంది? ఉద్యోగం మానేసి సొంతూరు కదిరికి వచ్చేసింది. తాను గీసిన చోట ఒక్క చెట్టు నిలబడాలి, దాని నీడలో ఎవరో ఒకరు కూర్చోవాలి. అంతకు మించి ఆమెకు ఏ కోరికా లేదు. దాసప్ప ఆమెను నమ్మి పని ఇచ్చిన మొట్టమొదటి మనిషి.

తనకల్లులో దిగిన ఆశ్రిత మొక్కను అరచేతిలో పెట్టుకుని జాగా అంతా నెమ్మదిగా తిరిగింది. సాయంత్రం నీడ ఎటు పడుతుందో అంచనా వేస్తూ ఆగింది, మళ్ళీ నడిచింది. ఒకచోట గాలికి మొక్క ఒరిగింది. ఆమెకూ ఆ చోటే నచ్చింది. గుర్తుగా ఒక పుల్ల గుచ్చి, ఎర్ర గుడ్డ కట్టి, గడ్డపార కోసం ఇంటి వెనక్కి వెళ్ళింది.

అరుగు మీద కూర్చుని ఇదంతా చూసింది దాసప్ప తల్లి బయమ్మ. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగి, అది కదిలిన చోట నీళ్ళున్నాయని చెప్పేవాళ్ళను ఆమె చిన్నప్పటి నుంచి చూస్తోంది. టెంకాయకు బదులు మొక్కయితే ఏం, చదువుకున్న పిల్ల కదా!

"ఒరే దాసప్పా! ఆ పాప బోరు పాయింటు పెట్టేసినాదిరా! నా కండ్లారా చూసినా, మొక్క ఒరిగిపాయ!"

పక్క చేనులో పని ముగించుకుని బోరు లారీ అప్పుడే బయల్దేరుతోంది. దాసప్ప పరుగెత్తి దానికి అడ్డం పడ్డాడు. ఆశ్రిత గడ్డపారతో వచ్చేసరికి ఎర్ర గుడ్డ చుట్టూ సగం ఊరు, పసుపు, కుంకుమ, కర్పూరం!

"అన్నా, అది చెట్టుకు పెట్టుకున్న గుర్తన్నా! నీళ్ళ సంగతి నాకేం తెలీదు!" అంది ఆశ్రిత.

"తెలిసినోల్లంతా అట్లనే అంటారులే మేడం," అంటూ దాసప్ప దండం పెట్టాడు.

"నేను తోట డిజైను చేసేదాన్ని!"

"చేసినావు గదమ్మా, సాలు," అంది బయమ్మ. "ఇంగ పక్కకు రా, దుమ్ము పడతాది."

ఆశ్రిత మొక్కను చున్నీ కింద దాచుకుని ఏడుపు ఆపుకుంది. నీళ్ళు పడకపోతే తిడతారు, పడితే చెట్టుకు చోటు పోతుంది. ఖర్మ! నీళ్ళు పడ్డాయి.

"ఇంగ తోట యాల మేడం? జాగా అంతా టమోటా పెడతాండా!" అని దాసప్ప చిందులేశాడు.

నాలుగు రోజులకు చిలమత్తూరు నుంచి హేమావతి అనే ఆవిడ ఫోను చేసింది. "మా కొత్తింటి ముందర జాగా ఉండాది, వచ్చి చూడమ్మా." ఆశ్రితకు ప్రాణం లేచివచ్చింది. అదే మొక్కను పట్టుకుని వెళ్ళింది. తీరా చూస్తే గేటు ముందు బోరు లారీ!

తనకేమీ తెలియదని ఎంత మొత్తుకున్నా హేమావతి వినలేదు. "నువ్వు సెప్పకున్నా యాడో ఒకచోట బోరు ఏసేదే," అంది.

ఆశ్రితకు ఒళ్ళు మండింది. చెట్టుకు తాను అనుకున్న చోటికి వీలైనంత దూరంగా, గోడ మూలన ఎర్ర గుడ్డ కట్టింది. జనమంతా అటు ఉరికారు. ఇటు ఆమె ఒక్కతే గుంత తవ్వి, మొక్క నాటి, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు దాని మొదట్లో పోసింది.

మూలన దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆశ్రితకు వచ్చిన పేరు వచ్చినంత వేగంగానే పోయింది. ఆ పిల్ల తనను ఎట్లా ముంచిందో హేమావతి ఇన్నేళ్ళయినా వచ్చినవాళ్ళందరికీ చెబుతూనే ఉంది. అంతసేపు ఎండలో నిలబడి చెప్పడం కష్టం కనుక, కానుగ నీడలో కూర్చోబెట్టి చెబుతుంది.