ఏడు కార్లకీ సరిపోని అద్దం

"మండలిలో నకలుకు చోటు లేదు."

ఇది మా పురాతన స్పోర్ట్స్ కార్ల సంరక్షక మండలి నియమావళిలో మొదటి వాక్యం. రాయమన్నది మా బావ, రాసింది నేను. నాకు కారు లేదు గానీ చేతిరాత ఉంది. అందుకని నన్ను గౌరవ కార్యదర్శిని చేశారు. నాకున్నదల్లా మా నాన్న వాడిన స్కూటరు. దాన్ని మండలిలో చేర్చుకోమని రెండేళ్ల కిందట దరఖాస్తు పెట్టుకున్నాను. "తమ దరఖాస్తు పరిశీలనలో ఉన్నది" అని నాకు నేనే జవాబు రాసుకుని, ఆ స్కూటరు మీదే వెళ్లి పోస్టు చేసుకున్నాను.

మండలిలో సభ్యులు ఏడుగురు. ఏడుగురివీ ఒకే మోడలు కార్లు. డెబ్భై ఏళ్ల కిందటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఆ కంపెనీ ప్రపంచం మొత్తానికీ రెండు వందలే చేసి మూతపడిందట. అందులో ఏడు మా ఊళ్లోనే ఉన్నాయి. ఈ లెక్క విని ఎవరికీ అనుమానం రాలేదు, గర్వం మాత్రం వచ్చింది.

మా బావ కారు ఎర్రది. ఎవరో రాయబారి గ్యారేజీలో ముప్పై ఏళ్లు దుప్పటి కింద నిద్రపోయిందని ఆయన చెబుతాడు. మొదట్లో అది ఇరవై ఏళ్లే నిద్రపోయింది. చెప్పినకొద్దీ నిద్ర పెరిగింది.

ఒక ఆదివారం బావ సభ్యులందరినీ ఇంటికి పిలిచాడు. మరో పది రోజుల్లో వార్షికోత్సవం, అదే రోజు అధ్యక్ష ఎన్నిక. పోటీలో ఉన్నది ఇద్దరే, మా బావా, పళ్ల డాక్టరూ. ఓటర్లకి కాఫీలు అయ్యాక బావ అందర్నీ కారు దగ్గరికి తీసుకెళ్లాడు.

"ముందద్దం చూశారా? కంపెనీ నుంచి వచ్చిందే. అసలు అద్దం మోతే వేరు" అని వేలి ఉంగరంతో టక్కున కొట్టాడు.

"నాకు సరిగ్గా వినపడలేదు" అన్నాడు పళ్ల డాక్టరు.

బావ ఇంకాస్త గట్టిగా కొట్టాడు.

"ఏదో వినపడ్డట్టే ఉంది గానీ..." అన్నాడు పళ్ల డాక్టరు.

మూడోసారి అందరికీ వినపడింది. ఈ మూల నుంచి ఆ మూల దాకా గీత పాకింది. బావ రెప్ప వేయకుండా దాన్ని చూసి, "గమనించారా, అసలు అద్దం పగలడంలో కూడా ఎంత హుందాతనం ఉందో" అన్నాడు. నలుగురు తలలు ఊపారు. నేను మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాను.

వాళ్లు వెళ్లిపోయాక అక్క కప్పులు తీస్తూ, "కొత్తది వేయించెయ్యండి, గొడవ వదులుతుంది" అంది.

"వేయిస్తే సరిపోతుందా? అసలు అద్దం దొరకొద్దూ?" అన్నాడు బావ.

"కారు అసలుది దొరికిందా ఏంటి, అద్దం దొరకడానికి?"

బావకి అప్పుడే ఏదో ఫోను చేయాల్సిన పని గుర్తొచ్చి లోపలికి వెళ్లాడు. నేను అక్కని వంటింట్లోకి తీసుకెళ్లి, నీకెలా తెలుసని అడిగాను.

"ఫ్రిజ్జు మీదుండే అయస్కాంతం బొమ్మ లేదూ, దాన్ని ఆ కారు తలుపుకి పెట్టి చూశాన్రా. జారి కిందపడింది. మూడుసార్లు పెట్టాను, మూడుసార్లూ పడింది. అది ఉత్త ఫైబరు. పెళ్లయి ఇన్నేళ్లయింది, అడిగితే చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాను. నువ్వూ ఊరుకో."

ఊరుకోవడంలో నాకు మంచి అనుభవం ఉంది.

మర్నాడు కారుని అద్దాల మేస్త్రి దుకాణానికి తీసుకెళ్లాం. గోడ వెంబడి అద్దాలు ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి ఉన్నాయి, మధ్యలో గోనెపట్టాలు. పైన నీలం బోర్డు మీద 'అసలు అద్దాలు దొరుకును' అని ఉంది. పళ్ల డాక్టరు అప్పటికే అక్కడ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆస్పత్రి కిటికీకి అద్దం కావాలట. అద్దం అడగడానికి ఫోను చాలదా అని నేను అడగలేదు.

మేస్త్రికి అరవై ఏళ్లుంటాయి. కారు చుట్టూ ఒకసారి తిరిగి, ముందద్దం చుట్టూ ఉన్న రబ్బరుని వేలితో నొక్కి చూసి, మెల్లగా అడిగాడు.

"ఎక్కడ కట్టించారు సార్ దీన్ని? అట్టముక్క మీద కొలత తీసుకుంటే నాలుగు రోజుల్లో కోసి ఇచ్చేస్తాను."

బావ పళ్ల డాక్టరు వైపు చూశాడు. పళ్ల డాక్టరు పేపరు చదవడం ఆపి చాలాసేపయింది.

"కట్టించడం ఏంటయ్యా? ఇది కంపెనీ కారు. దీనికి అసలు అద్దం తప్ప ఇంకోటి వేయడానికి వీల్లేదు."

మేస్త్రి సరేనని తలూపాడు. లోపలికెళ్లి, దుప్పటి చుట్టిన చెక్కపెట్టె ఒకటి రెండు చేతులతో పట్టుకొచ్చాడు.

"అప్పట్లో ఒకాయన నిజంగానే ఈ కారు తెచ్చాడు సార్. మా గురువుగారు కంపెనీకి ఉత్తరం రాసి రెండు అద్దాలు తెప్పించారు. ఒకటి వేశారు, ఒకటి మిగిలింది. కాగితాలు కూడా పెట్టెలోనే ఉన్నాయి. అసలు కారే వస్తే తియ్యి, లేకపోతే ముట్టుకోవద్దు అని చెప్పి పోయారాయన. మీరు అసలుదే అంటున్నారు కాబట్టి తీశాను."

పాత అద్దం తీసేశాడు. పెట్టెలోని అద్దానికి రబ్బరు తొడిగాడు, అంచులో తాడు దూర్చాడు, సబ్బునీళ్లు రాశాడు. తాడు లోపల్నుంచి లాగుతుంటే అద్దం చట్రంలో కూర్చోవాలి. ఎడమ పక్క కూర్చుంది. కుడి పక్క నాలుగు అంగుళాలు బయటికి నిలబడింది. మేస్త్రి తాడు వదిలేసి చేతులు తుడుచుకున్నాడు.

"అద్దం సరిగ్గానే ఉంది సార్."

"అంటే? నా కారు సరిగ్గా లేదనా?"

"నేను అద్దం గురించే చెప్పాను సార్."

"అయితే ఇది నకిలీ అద్దం. అసలు అని బోర్డు పెట్టుకుని నకిలీవి అంటగడుతున్నావన్నమాట" అన్నాడు బావ. గొంతు వీధి చివరిదాకా వెళ్లింది.

పళ్ల డాక్టరు కుర్చీలోంచి లేచి, "తొందరపడకండి. విచారణ జరిపిద్దాం. అద్దం నకిలీదో, ఇంకేదైనా నకిలీదో తేలిపోతుంది. నా కారుకి పెట్టి చూస్తే సరి" అన్నాడు. ఆయన నోరారా నవ్వడం ఆ రోజే చూశాను. తన కారు అసలుదేనని ఆయనకి గట్టి నమ్మకం. అమ్మినవాడు ఒట్టు పెట్టి చెప్పాడట.

మంగళవారం మండలి మొత్తం ఆ దుకాణం ముందు కొలువుతీరింది. పళ్ల డాక్టరు కారు ముందుకొచ్చింది. దాని అద్దం విప్పి, పెట్టెలోని అద్దం పెట్టారు. అటూ ఇటూ రెండేసి అంగుళాలు ఖాళీ మిగిలింది. పళ్ల డాక్టరు ఖాళీలో వేలు పెట్టి చూసుకున్నాడు. ఆ తర్వాత ఆయన నవ్వలేదు.

మిగతా ఐదుగురికీ ఇంటి దగ్గర అర్జెంటు పనులు వచ్చిపడ్డాయి. కానీ వెళ్లినవాడి కారు మీదే అనుమానం నిలుస్తుంది కాబట్టి ఎవరూ కదల్లేకపోయారు. ఒక్కొక్క కారే వచ్చింది. ఒకదానికి వెడల్పు తప్పు, ఒకదానికి ఒంపు తప్పు. ఆ ఐదుగురిలో ఉన్న కాంట్రాక్టరు కారుకి మాత్రం వెడల్పు సరిపోయింది. ఆయన చేతులెత్తి దణ్ణం పెట్టబోతుండగా ఎత్తు మూడంగుళాలు తగ్గింది. మేస్త్రి టేపు పట్టి చెబుతుంటే నేను ప్రతి కారు నంబరూ, ప్రతి తేడా అంగుళాలతో సహా రాసుకున్నాను.

అందరూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఏడుగురు ఒక మాట మీదికి రావడం మండలి చరిత్రలో అదే మొదలు. బావ చెబుతుంటే నేను తీర్మానం రాశాను.

"పైన కొలతలతో సహా పేర్కొన్న ఏడు అసలు వాహనములలో ఏ ఒక్కదానికీ సరిపోని కారణం చేత సదరు అద్దము నకిలీదని ఏకగ్రీవముగా నిర్ధారించడమైనది. సదరు దుకాణదారు తన బోర్డు మీద 'అసలు' అను మాటను ఇరవై నాలుగు గంటలలోగా చెరిపివేయవలెను."

మేస్త్రి బోర్డు వైపు చూశాడు. "అది మా గురువుగారు సొంత చేత్తో రాసింది సార్. నలభై ఏళ్లలో ఒక్కరు కూడా వేలెత్తి చూపలేదు. ఆ ఒక్క మాట మీదే నా దుకాణం నడుస్తోంది" అన్నాడు. బావ తన చేతి గడియారం వైపు చూపించాడు.

"సరే, చెరిపేస్తాను. ఆ కాగితం నాక్కూడా ఒక కాపీ ఇప్పించండి. అందరి సంతకాలతో."

ఏడుగురూ సంతోషంగా సంతకాలు పెట్టారు. కింద కార్యదర్శిగా నేనూ పెట్టాను. సిగ్గేసింది. అయినా పెట్టాను.

బుధవారం సాయంత్రం కారిచ్చి నన్ను మళ్లీ అక్కడికే పంపాడు బావ. ముందద్దం లేని కారుని ఉత్సవానికి రానివ్వకూడదన్నది నియమావళిలో పదకొండో నిబంధన. అదీ నేను రాసిందే. ఊళ్లో ఇంకో అద్దాలవాడు లేడు. "వెనక గుమ్మం లోంచి వెళ్లు" అని మరీ చెప్పాడు. దారి పొడుగునా గాలికి కళ్లలోంచి నీళ్లు కారాయి. గాలికేనని అనుకున్నాను.

దుకాణం బోర్డు మీద ఇప్పుడు తెల్ల పట్టీ, దాని పక్కన 'అద్దాలు దొరుకును'.

"మేస్త్రిగారూ, అట్టముక్క కొలతతో..." అంటూ నసిగాను.

"రండి బాబూ. నకిలీ అద్దాలవాడినని రాసిచ్చారుగా. నకిలీది కావాల్సినవాళ్లు నా దగ్గరికి కాక ఎక్కడికి వెళ్తారు?" అన్నాడు. నాలుగు రోజుల్లో అద్దం వచ్చింది. ఒక్క లాగుడుకి చట్రంలో కూర్చుంది.

వార్షికోత్సవం నాడు ఏడు కార్లూ మైదానంలో బారులు తీరాయి. బావ నాలుగు ఓట్లతో అధ్యక్షుడయ్యాడు, పళ్ల డాక్టరుకి మూడొచ్చాయి. ముఖ్య అతిథి వాహనాల మ్యూజియం అధికారి. మా కార్లు అసలువేనని ప్రామాణిక పత్రాలు ఆయన చేతుల మీదుగా ఇప్పించాలని బావ కోరిక. ఆయన గంట ఆలస్యంగా వచ్చి, మైకు అందుకున్నాడు.

"దారిలో నా కారు పక్కద్దం విరిగి, మీ ఊరి అద్దాల దుకాణం దగ్గర ఆగాను. అక్కడ గోడకి తగిలించిన ఒక అసలు ముందద్దం చూశాను. పెట్టె, కాగితాలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. మా మ్యూజియంలో కూడా అలాంటిది లేదు. దాని పక్కన ఫ్రేము కట్టించి మీ మండలి తీర్మానం ఉంది."

బావ మొహంలో రంగు మారింది.

"నా ఉద్యోగ జీవితంలో ఎన్నో మండళ్లని చూశాను. ప్రతివాడూ నాది అసలుదే అంటాడు. మీరొక్కరే మీ కార్లని అసలు అద్దంతో కొలిపించి, ఏ కారుకి ఎన్ని అంగుళాలు తేడా ఉందో నంబర్లతో రాసి, ఏడుగురూ సంతకాలు పెట్టి, బజారులో పెట్టారు. చివర్లో అద్దం నకిలీదని వేసిన చమత్కారం చదివి పగలబడి నవ్వాను. ఇంతటి నిజాయితీని నేనెక్కడా చూడలేదు. ప్రామాణిక పత్రాల బదులు మీ మండలికి మా మ్యూజియం నిజాయితీ పురస్కారం ప్రకటిస్తున్నాను."

ముందు మా అక్క చప్పట్లు కొట్టింది. జనమంతా అందుకున్నారు. బావ లేచాడు, పూలదండకి మెడ వంచాడు, మైకు అందుకున్నాడు.

"నిజాయితీ మా మండలి మొదటి సూత్రం. నాది నకలు కారు అని నేను ఎన్నడూ దాచలేదు. అసలు అసలని ఊరేగే ఆర్భాటం నాకు మొదట్నుంచీ గిట్టదు" అన్నాడు. పళ్ల డాక్టరు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు.

మర్నాడు మేస్త్రి నిచ్చెనెక్కి బోర్డు మీది తెల్ల రంగు గీకేశాడు. కింద నిచ్చెన పట్టుకున్నది నేనే. పని అయ్యాక మండలి అత్యవసర సమావేశానికి పరిగెత్తాను. నియమావళిలో మొదటి వాక్యం మార్చాలని అధ్యక్షులవారి ఆదేశం. "మండలిలో అసలుకు చోటు లేదు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను.

అదే సమావేశంలో రెండేళ్లుగా పరిశీలనలో ఉన్న నా దరఖాస్తు కూడా తేల్చేశారు. స్కూటరు అసలుది అయినందున తిరస్కరించడమైనదని నా చేత్తోనే రాయించారు.