మూడు నోళ్ళాయన

ఆ ఉదయం మబ్బు పట్టింది గానీ కురవలేదు. సంతలో ఎద్దు ముందు నిలబడి కొననూ కొనక, కదలనూ కదలక నసిగే మనిషిలా ఇళ్ళ కప్పుల మీదే తిష్ఠ వేసింది. పశువుల బేరగాడు వాకిట్లో మొహం కడుక్కుంటూ దాన్ని ఎగాదిగా చూసి, ఇవాళ వాన రాదని తేల్చేశాడు. ఆయన తేల్చినదాన్ని కాదనే ధైర్యం ఆ ఇంట్లో ఇద్దరికే ఉంది: భార్యకూ, కూతురికీ.

కూతురికి ఊళ్ళో వెలువడే దినపత్రికలో విలేకరి ఉద్యోగానికి పిలుపు వచ్చింది. చేరేదీ మానేదీ ఆ సాయంత్రంలోగా చెప్పాలి.

"ముందు ఆ పత్రిక ఎలాంటిదో విచారించాలి," అన్నాడు తండ్రి.

"ఇందులో విచారించేదేముంది? పద, సంపాదకురాలినే అడుగుదాం."

"ఎద్దు మంచిదేనా అని అమ్మేవాణ్ణి ఎవడైనా అడుగుతాడా, పిచ్చితల్లీ?"

ఊళ్ళో ఆయనకు 'మూడు నోళ్ళాయన' అని పేరు. ముగ్గురి నోట వినందే ఏ పశువు తాడూ ముట్టడు. అడగడంలో ఆయనకో కిటుకు ఉంది. ఎద్దు ఎలాంటిదని అడగడు. లేని లోపం తానే అంటగట్టి, "ఆ ఎద్దు కుంటుతుందట కదా?" అంటాడు. ఎద్దు మంచిదైతే ఎరిగినవాడు "ఎవడన్నాడా మాట?" అని కస్సుమంటాడు. లోపం నిజమైతే నీళ్ళు నములుతాడు. ఈ కిటుకు ఏనాడూ ఆయన్ని ముంచలేదు.

గూట్లోంచి పాత పేపర్లు దింపి, ఎద్దు పళ్ళు చూసినట్టు ఒక్కో పేజీ విప్పి చూశాడు. "ఇదిగో, 'నిన్నటి వార్తలో పొరపాటు దొర్లింది, చింతిస్తున్నాం.' మొన్న కూడా చింతించారు. రోజూ చింతించేవాళ్ళ దగ్గర ఏం ఉద్యోగమే?"

"కుంటును దాచకుండా చెప్పి అమ్మేవాణ్ణి ఎప్పుడైనా చూశావా నాన్నా?"

"లేదు."

"ఇప్పుడు చూడు."

బేరగాడు మూతి బిగించాడు. "సరే. మూడు నోళ్ళు చెడ్డదంటే?"

"రుజువు చూపించు, ఆ గడప తొక్కను. నీ దారిన నువ్వు వెతుకు, నా దారిన నేను వెతుకుతా."

తండ్రీకూతుళ్ళకు చెప్పులు ఒకేసారి గుర్తొచ్చాయి. "తిని వెళ్ళండి!" అన్న తల్లి మాట వాకిట్లోనే ఉండిపోయింది.

బేరగాడు తిన్నగా సెలూన్‌కు వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. మెడకు గుడ్డ చుట్టగానే రాయి విసిరాడు.

"ఆ పత్రిక మూసేస్తున్నారట కదా?"

సెలూన్‌వాడి కత్తెర గాల్లో ఆగింది. ఎద్దు సంగతైతే పదిమందీ ఎరుగుదురు, కాదంటారు. పత్రిక గురించి అతనికి తెలిసిందల్లా గడ్డం నురగ తుడవడానికి పనికొస్తుందనే. కానీ తెలియదని చెప్పే అలవాటు ఏ సెలూన్‌కూ లేదు.

"నేనూ అనుకుంటూనే ఉన్నా బాబాయ్. ఈ మధ్య కాగితం మరీ పలచబడింది. నురగ ఇవతలికి వచ్చేస్తోంది."

నీళ్ళు నమిలాడు! అది పూర్తి నోరు కింద లెక్క కాదు గానీ, బేరగాడి అనుమానం వేరు తన్నింది. అక్కణ్ణుంచి ఒక పాడిగేదెను చూడటానికి పోయి, మధ్యాహ్నం అయ్యే వేళకు బజారుకు తిరిగొచ్చాడు.

ఎదురుగా పేపరు వేసే మనిషి సైకిలెక్కకుండా నడిపించుకుంటూ వస్తున్నాడు. బేరగాడు నోరు తెరిచేలోపే, "అయిపోయింది బావా! పత్రిక మూసేస్తున్నారు. రేపట్నుంచి నేను పాల ప్యాకెట్లు వేసుకోవాలి," అన్నాడు.

అడక్కుండా చెప్పాడు! ఒక నోరు.

దాణా కొట్టు దగ్గర యజమాని చేతులు ఊపి పిలిచాడు. "విన్నావా అన్నా? అచ్చుయంత్రాలు కూడా అమ్మకానికి పెట్టారట. చివరి పేజీలో నా ప్రకటన ఇప్పుడే పోయి ఆపిస్తున్నా."

రెండు నోళ్ళు. నీకెవరు చెప్పారని బేరగాడు అడగలేదు. బేరంలో అది మర్యాద కాదు. అలా అడిగితే ఆ మనిషి ఇంకోసారి చెప్పడు.

ఇంటికొచ్చేసరికి భార్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. "ఆ పత్రిక ఇవాళ్టితో సరి అటయ్యా. పేపరాయన చెప్పి వెళ్ళాడు. సంపాదకురాలు బల్ల మీద తల పెట్టుకుని ఒకటే ఏడుపట. ఆవిడెవరో ఏమో, నాకే గుండె నీరైపోయింది."

మూడో నోరు! సొంత ఇంట్లోనే దొరకడం ఆయన వ్యాపారంలో అదే మొదటిసారి. కంచం ముందు కూడా కూర్చోకుండా, కూతుర్ని గడప తొక్కనీయకూడదని పత్రిక ఆఫీసుకు పరుగు తీశాడు.

అక్కడ సంత కూడినట్టుంది. పేపరు వేసేవాళ్ళు సైకిళ్ళు అడ్డంగా పెట్టేశారు. దాణా కొట్టు యజమాని గొంతు చించుకుంటున్నాడు. పాత ఇనుము కొనే మనిషి యంత్రాల కోసం తోపుడుబండి తెచ్చి గుమ్మం దగ్గరే ఆపాడు. చేతిలో కత్తెరతో సెలూన్‌వాడు, అతని వెనకాలే సగం గడ్డం గీయించుకున్న మనిషి. లోపల అచ్చుయంత్రం మాత్రం ఏమీ ఎరగనట్టు టకటకా ఆడుతోంది. మెట్ల మీద సంపాదకురాలు చేతులు కట్టుకుని నిలబడింది. ఏడ్చిన మొహం కాదది, ఏడిపించే మొహం.

ఆమె ముందు కూతురు, చేతిలో కలం.

"నడు ఇంటికి," అన్నాడు బేరగాడు. "రుజువు దొరికింది. మూడు నోళ్ళు!"

"ఆగు నాన్నా. ఈ పుకారు ఎక్కడ పుట్టిందో తేల్చాకే ఉద్యోగం మాట అన్నారు మేడమ్." ఇనుము మనిషి వైపు తిరిగింది. "మీకెవరు చెప్పారు?"

"దాణా కొట్టాయన."

"మీకు?"

"పేపరు వేసే అతను."

"మీకు?"

"సెలూన్‌లో, గడ్డం గీయించుకుంటుంటే," అన్నాడు పేపరు వేసే మనిషి.

కత్తెర పైకి లేచి బేరగాడి వైపు తిరిగింది. "ఇంకెవరు, మా బాబాయే! పొద్దున్నే వచ్చి చెప్పి పోయాడు."

"నేను చెప్పలేదురా, అడిగాను!" అన్నాడు బేరగాడు. ఆ గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది.

కూతురు కలం ఆపలేదు. "మీకెవరు చెప్పారండీ?"

కన్నకూతురి నోట 'అండీ' విని ఆయన చెప్పుల వైపు చూసుకున్నాడు. వాటి మీద టపటపా చినుకులు పడుతున్నాయి. "ఎవరూ చెప్పలేదు. నేనే పుట్టించాను."

"నోళ్ళు మూడే నాన్నా, ఊట ఒక్కటే. ఎవరు చెప్పారని ఒక్కర్ని అడిగినా నీ దగ్గరికే వచ్చేవాడివి."

"ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టుంది!" అంది సంపాదకురాలు. "అమ్మాయ్, రేపు వచ్చి చేరు. ముందు ఈ వార్త రాసివ్వు."

ఇనుము మనిషి ఖాళీ బండి తిప్పుకుంటూ గొణిగాడు. వానలో తడుస్తూ ఇంటిదారి పట్టాక, బేరగాడు కూతురి వైపు తిరిగాడు.

"నా పేరు కూడా వేస్తావా?"

"పేరు వేయను నాన్నా. 'ఒక పశువుల బేరగాడు' అంటాను."

"ఊళ్ళో ఉన్నదే నేనొక్కణ్ణి కదే!"

"అది రేపు విచారించాలి."

"మూడు నోళ్ళా?"

"అమ్మేవాణ్ణే అడుగుతా."

రాత్రి ముగ్గురూ కంచాల ముందు కూర్చున్నారు. బయట వాన జోరందుకుంది. మధ్యాహ్నం ఎవరికోసమో కళ్ళు ఒత్తుకున్న చేత్తోనే తల్లి వంట చేసింది. బేరగాడు మొదటి ముద్ద మింగి ఆగాడు, భార్య వైపు చూశాడు, కూతురు చేతి కలం వైపు చూశాడు, రెండో ముద్ద కలిపాడు.

కూరలో ఉప్పు ఎక్కువైంది. మూడు నోళ్ళకూ ఆ సంగతి స్వయంగా తెలిసినా, ఒక్కటీ పెదవి విప్పలేదు.